ఇల్లు చంపిందా, మనిషి చంపాడా? 'డెజిరేస్ బేబీ' కథ, అమెరికా దక్షిణాది ప్లాంటేషన్ విషాదాలు

పాతపేజీ

అందరికీ నమస్కారం. అమెరికన్ రచయిత్రి కేట్ షోపాన్ రాసిన 'డెజిరేస్ బేబీ' కథను రెండు నెలలుగా తెలుగు చేస్తున్నాను. చిన్న కథే. అయినా రెండు చోట్ల ఆగిపోయాను. ఒకటి మాట దగ్గర, రెండోది అర్థం దగ్గర. కథ చదవనివాళ్లు ముందు చదివి రండి. ముగింపు చెప్పకుండా నేను ఈ ప్రశ్న అడగలేను.

చదివి చాలాకాలమైనవారి కోసం నాలుగు ముక్కలు. లూసియానాలో బానిసత్వం నడుస్తున్న రోజులు. వాల్మొండే వారి ప్లాంటేషన్ ముఖద్వారంలో, రాతి స్తంభం నీడలో నిద్రపోతూ ఒక పసిపిల్ల దొరుకుతుంది. పిల్లలు లేని వాల్మొండే దంపతులు ఆ పిల్లను పెంచుకుంటారు. ఆమే డెజిరే. పద్దెనిమిదేళ్ల తర్వాత అదే స్తంభానికి ఆనుకుని నిలబడి ఉండగా పొరుగు ప్లాంటేషన్ లాబ్రీ యజమాని ఆర్మాన్ ఓబిన్యీ చూసి మనసు పడతాడు. పెళ్లవుతుంది, కొడుకు పుడతాడు. బిడ్డకు మూడు నెలలు వచ్చేసరికి ఒంటి రంగులో నల్లజాతి ఛాయ కనబడుతుంది. "నువ్వు తెల్లదానివి కావు" అంటాడు భర్త. ఆమె బిడ్డను ఎత్తుకుని బయూ (దాదాపు నిలిచినట్టుండే నీటిపాయ) ఒడ్డున రెల్లులోకి, విల్లో చెట్లలోకి నడిచి వెళ్తుంది. మళ్లీ తిరిగి రాదు. కొన్ని వారాల తర్వాత ఆమె వస్తువులన్నీ తగలబెట్టిస్తూ ఆర్మాన్ ఒక పాత ఉత్తరం చదువుతాడు. తన తల్లి తండ్రికి రాసినది. బానిసత్వపు ముద్ర పడిన జాతి తనదని, ఆ సంగతి ఆర్మాన్‌కు ఎన్నటికీ తెలియకుండా దేవుడు కాపాడాడని అందులో ఉంటుంది.

నా ప్రశ్న ఇది. ఈ విషాదం ఆర్మాన్ స్వభావం వల్ల వచ్చిందా, ఆ చోటు వల్ల వచ్చిందా? నాకైతే ఆ ఇల్లే చంపిందని అనిపిస్తుంది. లాబ్రీని మొదటిసారి చూపించినప్పుడు షోపాన్ ఏమి చేసిందో చూడండి. పైకప్పు ఏటవాలుగా, నల్లగా, సన్యాసి తలముసుగులా కిందికి దిగి ఉంటుంది. పసుపు గారచేసిన గోడలు. చుట్టూ ఓక్ చెట్ల కొమ్మలు శవం మీద కప్పిన గుడ్డలా ఇంటి మీద నీడ పరుస్తాయి. ఇంకా ఎవరూ చనిపోలేదు, పుట్టిన బిడ్డను చూడటానికి అమ్మమ్మ వస్తున్న రోజు అది! ఆ ఇంటి పేరుకు ఫ్రెంచిలో అర్థం 'ఆశ్రయం'.

ఇక మాట సంగతి. ప్లాంటేషన్‌ను ఏమనాలి? 'తోట' అని రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను.

రేగడినేల

'తోట' వద్దండి, దయచేసి. మనకు తోట అంటే మామిడితోట, కొబ్బరితోట. నీడ, పండు, మధ్యాహ్నం మంచం వేసుకుని పడుకోవడం. ఆ మాట పెట్టగానే పాఠకుడి ఒళ్లు కాస్త చల్లబడుతుంది. అక్కడ జరిగింది మనుషులను కొనుక్కుని, కొరడా చేతబట్టి పత్తి పండించడం. 'కమతం' అన్నా కుదరదు, అందులో రైతు తన చేతులతో తాను చేసుకునే పని వినబడుతుంది. 'ఎస్టేటు' అంటే జమీందారీ గుర్తొస్తుంది. అలెక్స్ హేలీ 'రూట్స్'కు సహవాసి గారి అనువాదం 'ఏడు తరాలు' చదివి పెరిగిన తెలుగు పాఠకులకు ఆ ప్రపంచం కొత్త కాదు. ప్లాంటేషన్ అనే రాయండి, అర్థం చేసుకుంటారు.

మీ పెద్ద ప్రశ్నకు జవాబు నాకు తెలియదు. ఒక్కటి మాత్రం చెప్పాలి. డెజిరే వెళ్లిపోయేది అక్టోబరు సాయంత్రం. చేలల్లో మనుషులు పత్తి తీస్తుంటారు. ఆమె ఒంటి మీద పలుచని తెల్ల గౌను, కాళ్లకు ఇంట్లో వేసుకునే మెత్తని చెప్పులు. పుట్టింటికి వెళ్లే బాగా నలిగిన వెడల్పు బాట ఉంది. ఆ బాట పట్టకుండా కోసేసిన చేలో అడ్డంపడి నడుస్తుంది. మోళ్లు కాళ్లను గాయపరుస్తాయి.

జొన్న కోసిన చేలో చెప్పులు లేకుండా నడిచినవారికి ఆ రెండు వాక్యాలు చాలు. కొడవలి ఏటవాలుగా కోస్తుంది కనుక మోడు పైభాగం మేకులా ఉంటుంది. పాదం దించేముందు పక్కకు నొక్కి, మోడును వంచి, ఆ తర్వాత బరువు మోపాలి. చిన్నప్పుడు మా నాన్న నేర్పిన నడక అది. డెజిరేకు ఎవరూ నేర్పి ఉండరు. చేతిలో బిడ్డ కూడా ఉంది, కింద ఏముందో కనబడదు. ఆ పొలం వల్ల తాను తిన్నది, కట్టింది. దాని మీద కాలు పెట్టడం మాత్రం బహుశా అదే మొదటిసారి.

ఎదురుప్రశ్న

పాతపేజీ గారూ, మీ అనువాద శ్రమ మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. ఇల్లు చంపింది అనడంలో ఒక ప్రమాదం ఉంది, మనిషి తప్పించుకుంటాడు. చెట్ల నీడ ఎవరినీ "వెళ్లు" అనలేదు, ఆర్మాన్ అన్నాడు. వెళ్లమంటావా అని ఆమె అడిగితే, వెళ్లాలనే నా కోరిక అన్నాడు. దేవుడు తనకు అన్యాయం చేశాడని, భార్య గుండెలో పొడిస్తే ఆ దేవుడికి బదులు తీర్చినట్టవుతుందని అనుకున్నాడు. ఇది వాతావరణం పని కాదు. ఇది అహంకారం.

పెళ్లికి ముందు వాల్మొండే పెద్దాయన హెచ్చరించాడు కూడా. పిల్ల పుట్టుపూర్వోత్తరాలు తెలియవు, ఆలోచించుకో అన్నాడు. లూసియానాలో అతి పాతదీ, గొప్పదీ అయిన నా పేరు ఇస్తుంటే ఆమెకు పేరు లేకపోతే ఏమిటి అన్నాడు ఆర్మాన్. అంటే ఆమెకు ఏమీ లేదని తెలిసే చేసుకున్నాడు. ఇచ్చేవాడిని నేనే అన్న గర్వం అది. ఇచ్చినవాడు వెనక్కి తీసుకోగలడు కదా!

నా అసలు ఆధారం ఇది. వాల్మొండే కూడా ప్లాంటేషనే. అదే కాలం, అదే చట్టం, బహుశా అదే పత్తి. ఆ ఇంటి తల్లి బిడ్డను నాలుగు వారాల తర్వాత చూస్తుంది. ఎత్తుకుని, వెలుతురు ఎక్కువగా ఉన్న కిటికీ దగ్గరికి తీసుకెళ్లి పరీక్షగా చూస్తుంది. తర్వాత దాది జాండ్రీన్ ముఖం వైపు చూస్తుంది. ఆమె పొలాల వైపు ముఖం తిప్పుకుని ఉంటుంది. అంటే అందరికంటే ముందు తెలిసింది ఈ తల్లికి. తెలిసి కూడా, ఉత్తరం వచ్చినప్పుడు "ఇంటికి రా, నీ బిడ్డతో రా" అని రాసింది. ఒకే నేల మీద ఇద్దరు మనుషులు రెండు రకాలుగా నడుచుకున్నప్పుడు నేలను నిందించడం ఎలా?

సంధ్యారాగం

ఎదురుప్రశ్న గారు ఎత్తిన ఆ ఉత్తరం దగ్గరే నేను ప్రతి ఏడాదీ తరగతిలో ఎక్కువసేపు ఆగుతాను. ఆయన వాదన బలమైనదే. కాని ఆ ఉత్తరాన్ని అది దేనికి జవాబో దానితో కలిపి చదవాలి.

డెజిరే తల్లికి రాసింది ఏమిటి? నేను తెల్లదాన్ని కాదంటున్నారు, అది నిజం కాదని చెప్పు, దేవుడి మీద ఆన, నీకు తెలుసు కదా, చెప్పు. ఆమె కోరింది ఆ ఒక్క మాటే. తల్లి జవాబులో ఇల్లు ఉంది, ప్రేమ ఉంది, బిడ్డతో సహా రమ్మనడం ఉంది. అడిగిన ఆ మాట లేదు. అంత ప్రేమించే తల్లి కూడా "అది నిజం కాదు" అనలేకపోయింది. "నిజమైతే ఏమిటి" అని కూడా అనలేకపోయింది. రెండో మాట ఆ నేల మీద ఎవరి నోటికీ వచ్చే మాట కాదు. చోటు పనిచేసేది అక్కడే అని నా అభిప్రాయం. చెట్ల నీడలోనే కాదు, మంచివాళ్లు చెప్పలేకపోయిన మాటలో కూడా ఉంది అది.

డెజిరే ఆ ఉత్తరాన్ని భర్త ముందు బల్ల మీద పెట్టి, రాతిబొమ్మలా నిలబడుతుంది. వాల్మొండే బాట ఎందుకు పట్టలేదో అందులోనే ఉంది.

చట్టం సంగతి కొంచెం చెప్పాలి. ఫ్రెంచి పాలనలో 1724లో లూసియానాకు వచ్చిన 'కోడ్ న్వార్' తెల్లవారికీ నల్లవారికీ మధ్య పెళ్లిని నిషేధించింది. పుట్టిన బిడ్డ స్థితి తల్లి స్థితిని బట్టి ఉంటుందని కూడా చెప్పింది. తల్లి బానిస అయితే బిడ్డ బానిస. పాలకులు మారినా ఈ రెండు గీతలూ చెరగలేదు. ఇప్పుడు డెజిరేను చూడండి. తల్లి ఎవరో తెలియని మనిషి. తాను ఎవరో రుజువు చేసుకోవడానికి ఆమె దగ్గర ఉన్నది ఒంటి రంగు ఒక్కటే. జుట్టు గోధుమరంగు, కళ్లు బూడిదరంగు, చెయ్యి నీ చేతికంటే తెలుపు చూడు ఆర్మాన్ అని చూపిస్తుంది. "లా బ్లాంష్ అంత తెలుపు" అని అతడు ముఖం మీద కొట్టినట్టు అంటాడు. లా బ్లాంష్ అతడి బానిస. ఆ పేరుకు అర్థం 'తెల్లనిది'. ఒంటి రంగు కూడా సాక్ష్యంగా చెల్లని చోటు అది.

అనాథగా దొరకడం ఆమె తప్పు కాదు, స్వభావమూ కాదు. వేరే దేశంలో అయితే అది ఒక అందమైన కథకు మొదలు అయ్యేది. ఇక్కడ అదే ఆమె మెడకు చుట్టుకుంది.

చిన్నక్షరం

నమస్కారం, నేను డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇది మాకు పాఠ్యాంశం. ఒక సందేహం అడగవచ్చా? చివర్లో దొరికిన తన తల్లి ఉత్తరం సంగతి ఆర్మాన్‌కు ముందే తెలుసా? ముందే తెలిస్తే అతడు నేరస్థుడు. అప్పుడే తెలిస్తే అతడు కూడా బాధితుడు. మా తరగతిలో రెండు వర్గాలుగా విడిపోయాం.

పాతపేజీ

చిన్నక్షరం గారూ, తప్పకుండా అడగవచ్చు. ఈ చర్చ అందుకే. మూలంలో ఉన్నది మాత్రం చెబుతాను. మంట కోసం డెజిరే ఉత్తరాలన్నీ తీస్తాడు. సొరుగులో వెనక ఇంకొక కాగితం ముక్క మిగిలి ఉంటుంది. అది డెజిరేది కాదు, తన తల్లి ఉత్తరంలో భాగం. చదువుతాడు. కథ అక్కడ అయిపోతుంది. అతడి ముఖం ఎలా మారిందో ఒక్క మాట లేదు. ముందే చదివాడా అనేదానికి జవాబు లేదు. అనువాదంలో నేను "అప్పుడే చూశాడు" అన్న ధ్వని రాకుండా, "మళ్లీ చదివాడు" అన్న ధ్వని కూడా రాకుండా క్రియను వెతుక్కోవలసి వచ్చింది. 'చదివాడు' అని వదిలేశాను.

అతడు ఎనిమిదేళ్ల వయసు వరకు పారిస్‌లో పెరిగాడు. తల్లి చనిపోయాక తండ్రి ఇక్కడికి తీసుకొచ్చాడు. ఎనిమిదేళ్ల పిల్లవాడికి తల్లి ముఖం గుర్తుండదా? నాకు ఆ ప్రశ్న వదలడం లేదు. తల్లి తన దేశాన్ని విడిచి రాలేనంతగా ప్రేమించిందట. ఊరివాళ్లకు తెలిసిన కారణం అదే. ఉత్తరం చదివాక ఆ వాక్యం దగ్గరికి వెనక్కి వెళ్లి చూడండి. ఆమె లూసియానాకు రాలేదంటే ప్రేమ వల్లనా, భయం వల్లనా? పారిస్‌లో భార్యగా, తల్లిగా బతికిన మనిషి. లాబ్రీ గుమ్మంలో అడుగుపెడితే ఏమవుతుందో ఆమెకూ ఆమె భర్తకూ బాగా తెలుసు.

మిసిసిపీతీరం

లూసియానాలో పదకొండేళ్లుగా ఉంటున్నాను. ఈ కథ గురించి తెలుగులో ఇంత చర్చ చూసి చాలా సంతోషమేసింది. నాకు తెలిసినది కొంత చేరుస్తాను.

షోపాన్ పుట్టింది సెయింట్ లూయిస్‌లో, 1850లో. పెళ్లయ్యాక న్యూ ఆర్లియన్స్‌లో, ఆ తర్వాత 1879 నుంచి నాకటిష్ పారిష్ (మన జిల్లా లాంటిది)లోని క్లూటియర్‌విల్ అనే చిన్న ఊళ్లో ఉంది. 1882లో భర్త చనిపోయాడు, 1884లో పుట్టింటికి తిరిగి వెళ్లింది. ఆమె కథల్లోని నేల చాలావరకు ఈ కేన్ రివర్ ప్రాంతమే. క్లూటియర్‌విల్‌లో ఆమె ఉన్న ఇంటిని మ్యూజియంగా ఉంచేవారు, 2008లో కాలిపోయింది. నేను వెళ్లేసరికి ఖాళీ స్థలం చూపించారు.

ఆ ప్రాంతం చూస్తే గానీ తెలియని సంగతి ఒకటుంది. కేన్ రివర్ ఒడ్డున 'స్వేచ్ఛాయుత వర్ణ ప్రజలు' అనే ఒక వర్గం ఉండేది. ఫ్రెంచి, ఆఫ్రికన్ కలగలిసిన కుటుంబాలు, బానిసలు కానివారు. కొందరికి సొంత ప్లాంటేషన్లు, వాటి మీద బానిసలు కూడా ఉండేవారు. మెత్వాయే కుటుంబం అందులో పేరున్నది. ఆ వంశానికి మూలమైన మరీ తెరేజ్ క్వాంక్వాన్ బానిసగా పుట్టిన స్త్రీ. వారి నుంచి వచ్చిన మెల్రోజ్ ప్లాంటేషన్ ఇప్పటికీ ఉంది. అంటే 'తెల్ల యజమాని, నల్ల బానిస' అని రెండు గళ్లలో కుదిరే ఊరు కాదది. ఎవరి రక్తంలో ఏముందో అందరికీ అనుమానమే. పాత పేరు, గొప్ప పేరు అని ఆర్మాన్ అంతగా పట్టుకుని వేలాడటంలో నాకు ఈ భయం కనబడుతుంది. పక్క పొలం యజమానే తన ముఖానికి అద్దం కావచ్చు.

బయూ సంగతి. అది నది కాదు, వాగు కాదు, మన ఉప్పుటేరూ కాదు. నీళ్లు పారుతున్నాయో నిలబడ్డాయో ఒడ్డున పది నిమిషాలు కూర్చుంటే గానీ చెప్పలేం. నేను ఒకసారి ఒక ఎండుటాకును చూస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి జానెడు కదిలింది. అలాంటి నీళ్లలో పడినది ఎక్కడికీ కొట్టుకుపోదు. ఒడ్డుకూ రాదు. ఆ నీటికి తెలుగు మాట వెతకవద్దు, 'బయూ' అనే ఉంచండి.

రేగడినేల

మిసిసిపీతీరం గారూ, ఆ ఎండుటాకు సంగతి చదివాక కథను మళ్లీ చదివాను. ఇంతకుముందు పట్టించుకోనిది ఒకటి దొరికింది. మంటలో వేసిన వాటిలో మొదట చెప్పేది బిడ్డ ఊయల, విల్లో బద్దలతో అల్లినది. డెజిరే మాయమైంది విల్లో చెట్ల మధ్య. ఆ ఒడ్డు మీది చెట్టే ఇంట్లో ఊయల అయింది, ఆ ఊయలను వదిలి బిడ్డ ఆ చెట్ల దగ్గరికే వెళ్లింది. షోపాన్ ఇది కావాలని చేసిందో లేదో నాకు అనవసరం, కథలో ఉంది.

ఇంకొకటి, చర్చలో ఎవరూ ఎత్తలేదు. డెజిరే తల్లితో మురిసిపోతూ చెబుతుంది, బిడ్డ ఏడుపు మొన్న లా బ్లాంష్ గుడిసె దాకా ఆర్మాన్‌కు వినబడిందని. ఆర్మాన్ లా బ్లాంష్ గుడిసె దగ్గర ఏమి చేస్తున్నాడు?

తర్వాత, మంచం దగ్గర నెమలి ఈకల విసనకర్రతో బిడ్డకు విసురుతున్నది లా బ్లాంష్ కొడుకే. డెజిరే బిడ్డను, ఆ పిల్లవాణ్ణి మార్చి మార్చి చూసి ఒక్కసారిగా "ఆ!" అంటుంది. ఇద్దరిలో పోలిక కనబడింది. అది జాతి పోలిక మాత్రమేనా, ఒకే తండ్రి పోలికా? నిద్రపోతున్న తమ్ముడికి అన్న విసురుతున్నాడేమో. అలా అయితే ఆ ఇంట్లో ఆర్మాన్ కొడుకులు ఇద్దరు. ఒకడు పట్టుపరుపు మీద, ఒకడు విసనకర్ర పట్టుకుని.

మనం ఇంతసేపు డెజిరే విషాదం గురించి మాట్లాడుకున్నాం. లా బ్లాంష్‌ది ఏమిటి? ఆమెకు కథలో ఒక్క మాట లేదు. ఆమె బిడ్డలు ఆమెవి కాదు, రేపు అమ్మేయవచ్చు. ఇది విషాదం కాదా? కథ దృష్టిలో కాదు, ఎందుకంటే ఆమె ఎక్కడి నుంచీ పడలేదు. విషాదం కావాలంటే ముందు ఎత్తులో ఉండాలి కాబోలు.

ఎదురుప్రశ్న

రేగడినేల గారి ఈ మాటకు నా దగ్గర ఎదురు ప్రశ్న లేదు. నా మొదటి అభిప్రాయంలో ఒక ముక్క మార్చుకుంటున్నాను.

ఆర్మాన్‌ది అహంకారం అన్నాను, ఇప్పటికీ అంటాను. కాని ఆ అహంకారానికి చేతులూ కాళ్లూ ఎవరిచ్చారు? కథలో ఒక వివరం ఉంది. కొడుకు పుట్టాక ఆర్మాన్ ఒక్క బానిసను కూడా శిక్షించలేదట. పని తప్పించుకోవడానికి కాలు కాలిందని నటించిన నెగ్రియాన్‌ను చూసి కూడా నవ్వి వదిలేశాడట. తర్వాత భార్య మీద మనసు విరిగాక సైతానే పూనినట్టు బానిసల మీద పడతాడు. ఒక మనిషికి ఇంట్లో సంతోషంగా ఉంటే పొలంలో వందమంది వీపులు బతుకుతాయి. కలత వస్తే అవే చీలతాయి. కోపిష్టి ఏ దేశంలోనైనా ఉంటాడు, అరుస్తాడు, గిన్నె విసురుతాడు, అక్కడితో ఆగుతుంది. ఇక్కడ అతడి కోపానికి అడ్డుకట్ట లేదు, చట్టం అతడి పక్షాన ఉంది. స్వభావం ఎంత దూరం పోగలదో ఆ చోటు నిర్ణయించింది. అంతవరకు పాతపేజీ గారితో ఏకీభవిస్తున్నాను. ఆర్మాన్ నిర్దోషి అని మాత్రం ఒప్పుకోను.

షోపాన్ మీద కూడా నాకు ఒక ఫిర్యాదు ఉంది. ఆర్మాన్ తండ్రి కాలంలో బానిసలు ఆడుతూ పాడుతూ ఉండేవారని, కొడుకు కఠినుడు కనుక ఆ సంతోషం మరచిపోయారని రాస్తుంది. మంచి యజమాని ఉంటే బానిసత్వం బాగుంటుంది అనే పాత అబద్ధం అది. ఆమె పుట్టింట్లో బానిసలు ఉండేవారు. భర్త ఆస్కార్ న్యూ ఆర్లియన్స్‌లో తెల్లవారి ఆధిపత్యం కోసం ఏర్పడిన 'వైట్ లీగ్'లో సభ్యుడు. ఆ ఇంటి గాలి ఆ వాక్యంలోకి వచ్చింది.

సంధ్యారాగం

ఫిర్యాదు న్యాయమైనదే. ఆ వాక్యం వాల్మొండే తల్లి ఆలోచనల మధ్య వస్తుంది కనుక రచయిత్రి గొంతా, పాత్ర గొంతా అని తప్పించుకోవచ్చు. నేను తప్పించను. ఆ అబద్ధాన్ని ఆ రోజుల్లో ఎంతమంది నమ్మారో తెలియాలంటే థామస్ నెల్సన్ పేజ్ 1884లో రాసిన 'మార్స్ చాన్' కథ చూడాలి. అందులో ఒకప్పటి బానిసే తన పాత యజమాని గొప్పతనం చెప్పుకుని వాపోతాడు, ఆ రోజులే బాగుండేవంటాడు. పత్రికలు ఇటువంటి కథలను ఎగబడి వేసుకున్నాయి. అక్కడా విషాదం ఉంది. యజమాని యుద్ధంలో చనిపోతాడు, ప్రేమించిన అమ్మాయి కుమిలిపోతుంది. కాని ఆ కన్నీళ్లన్నీ పోయిన వైభవం కోసం.

దీనికి తిరుగు సమాధానం చార్లెస్ చెస్నట్ కథ 'పో శాండీ', 1888. చెస్నట్ నల్లజాతి రచయిత, నార్త్ కరోలినాలో పెరిగాడు. కథలో శాండీ మంచి పనివాడు. అందుకే యజమాని అతణ్ణి తన పిల్లల ఇళ్లకు నెలకొకరి చొప్పున అరువుగా తిప్పుతుంటాడు. ఎక్కడా స్థిరంగా ఉండనివ్వడం లేదు, చెట్టునైనా కాకపోతిని అంటాడు. భార్య టెనీకి మంత్రం తెలుసు, నిజంగానే చెట్టును చేస్తుంది. రాత్రిపూట మనిషిని చేసి మాట్లాడుకుంటారు. ఒకసారి యజమాని ఆమెను దూరంగా రోగిని చూసుకోవడానికి పంపిస్తాడు. ఈలోగా కొత్త వంటగది కట్టడానికి చెట్లు కొట్టిస్తారు, ఆ చెట్టు కూడా. ఆమె పరుగెత్తుకొచ్చేసరికి భర్త రంపపు మిల్లులో ఉంటాడు.

ఇక చోటు వేరు, మనిషి వేరు అని ఎలా అంటాం? ఆ వంటగది గోడలు శాండీ శరీరం. రేగడినేల గారు అడిగిన ప్రశ్నకు నాకు తెలిసిన గట్టి జవాబు ఈ కథే. ఎక్కడి నుంచీ పడిపోనివాడికి కూడా విషాదం ఉంది. అతడు కోరింది ఒక్కచోట నిలబడటం.

అమెరికన్ రచయిత ఫాక్నర్ నవల 'ఆబ్సలమ్, ఆబ్సలమ్!' (1936) గురించి పొడిగా ఒక మాట. థామస్ సట్పెన్ చిన్నప్పుడు వర్జీనియాలో ఒక పెద్ద ఇంటి ముందు గుమ్మం దగ్గరికి వెళ్తే, వెనక గుమ్మానికి వెళ్లమని పంపేస్తారు. ఆ అవమానం మీద జీవితమంతా కట్టాడు. మిసిసిపీలో నూరు చదరపు మైళ్లు సంపాదించాడు. మొదటి భార్యలో నల్లజాతి రక్తం ఉందని తెలిసి ఆమెను, కొడుకును వదిలేశాడు. ఆ కొడుకు చార్లెస్ బాన్ పెద్దవాడై తండ్రి ఇంటికి వస్తే, తమ్ముడు హెన్రీ గేటు దగ్గర కాల్చి చంపుతాడు. డెజిరే దొరికింది ద్వారం దగ్గర. సట్పెన్‌ను తిప్పి పంపింది గుమ్మం దగ్గర. బాన్ చచ్చిపోయింది గేటు దగ్గర. లోపలివాడెవరు, బయటివాడెవరు అన్న లెక్క మీద నిలబడిన ఇళ్లు అవి.

చిన్నక్షరం

చాలా కృతజ్ఞతలండి. మా తరగతిలో ఈ కథను పాత బానిసత్వపు రోజుల కథగా మాత్రమే చెప్పారు. రాసినప్పటికి బానిసత్వం పోయి చాలా ఏళ్లయింది కదా, మరి షోపాన్ అప్పుడెందుకు రాసినట్టు?

మిసిసిపీతీరం

మంచి ప్రశ్న. కథ 1892 నవంబరులో రాసింది, 1893 జనవరిలో 'వోగ్' పత్రికలో వచ్చింది. అదే 1892 జూన్ 7న న్యూ ఆర్లియన్స్‌లో హోమర్ ప్లెసీ అనే ఆయన తెల్లవారి రైలు పెట్టెలో కూర్చున్నందుకు అరెస్టయ్యాడు. చూడటానికి తెల్లగానే ఉంటాడు, ఎనిమిదో వంతు మాత్రమే ఆఫ్రికన్ రక్తం. లూసియానాలో రైలు పెట్టెలను జాతుల వారీగా విడదీస్తూ 1890లో చట్టం చేశారు. దాన్ని కోర్టులో సవాలు చేయడానికే ఆయన కావాలని ఎక్కాడు. 1896లో సుప్రీంకోర్టు ఆయనకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. నేను ఉంటున్న ఈ రాష్ట్రంలోనే 1970లో ముప్పై రెండో వంతు లెక్క పెట్టి మరీ చట్టం చేశారు. అది రద్దయింది 1983లో. నా సహోద్యోగుల్లో చాలామంది అప్పటికే పుట్టారు.

షోపాన్‌కు ప్లెసీ కేసు మనసులో ఉందని నేను అనడం లేదు. ఆ ఏడాది ఆ కథ చదివినవారికి "మీ చెయ్యి కంటే నా చెయ్యి తెలుపు" అన్న మాట పాతకాలపు మాట కాదు, అంతే.

పాతపేజీ

మీ అందరి మాటలు పక్కన పెట్టుకుని నిన్న రాత్రి మొదటి నుంచి తిరిగి రాశాను. ప్లాంటేషన్, బయూ అలాగే ఉంచాను. 'మోళ్లు' రేగడినేల గారిదే.

లా బ్లాంష్ పేరు దగ్గర చాలాసేపు కూర్చున్నాను. 'తెల్లమ్మ' అని పెట్టి చూశాను. మన ఊళ్లలో వినబడే పేరే, అర్థం వెంటనే తెలుస్తుంది. కాని ఆ పేరు పెట్టగానే ఆమె మన వీధి చివర ఇంటి ఆడమనిషి అయిపోయింది. ఆ ఫ్రెంచి పేరు ఆమెకు యజమానులు పెట్టింది, అది వారి భాషలోనే వినబడాలి. కనుక లా బ్లాంష్ అనే ఉంచాను. అర్థం మాత్రం కథకు ముందు వేసే చిన్న పరిచయంలో చెబుతాను. పేజీ అడుగున వివరణ పెడితే ఆర్మాన్ ఆ మాట విసిరే క్షణంలో పాఠకుడి చూపు కిందికి జారుతుంది.

మంట దృశ్యంలో ఇంతకాలం తప్పు చేశాను. "ఆర్మాన్ మంట వేయించాడు" అని ప్రేరణార్థక క్రియతో సరిపెట్టాను. మూలంలో అతడు వెడల్పు నడవలో కూర్చుని ఉంటాడు. వస్తువులు ఒక్కొక్కటి అందిస్తాడు. మంటలో వేసేది అరడజను మంది బానిసలు. పట్టు గౌన్లు, వెల్వెట్ గౌన్లు, పారిస్ నుంచి తెప్పించిన పెళ్లి కానుకలు వారి చేతుల మీదుగా వెళ్తాయి. వాళ్లకు అన్నీ తెలుసు. జాండ్రీన్ పొలాల వైపు ముఖం తిప్పుకున్న రోజు నుంచే తెలుసు. ఆ ఆరుగురినీ నా వాక్యంలోంచి తీసేసినట్టు రేగడినేల గారి ప్రశ్న చదివేదాకా నాకు తట్టలేదు.

ఇప్పుడు ఇలా ఉంది: "నడవలో కూర్చుని ఆర్మాన్ ఒక్కొక్కటే అందిస్తుంటే, అరడజను మంది నీగ్రోలు అందుకుని మంటకు వేస్తున్నారు." 'నీగ్రోలు' అన్న మాట మూలంలోదే, మార్చాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు. మీ అభిప్రాయం చెప్పండి. సోమవారం లోపు పత్రికకు పంపాలి.